చవక మజిల్‌లోడర్: కొత్తదే, కానీ సగం సార్లు పేలదు, ప్యాచ్‌లు చీలికలు పేలికలు

కొత్తకాపు
.50 క్యాలిబర్ (గొట్టం లోపల అర అంగుళం) పెర్కషన్ రైఫిల్ ఒకటి కొన్నా, మూతిలోంచి మందూ గుండూ దించే మజిల్‌లోడర్, సైడ్‌లాక్ (పేల్చే యంత్రం, అంటే లాక్, పక్కన ఉండేది), చవక రకమే. పెట్టెలోంచి తీసినప్పుడు ముచ్చటగానే ఉంది, ఇత్తడి సామాను మెరుస్తోంది, బ్యారెల్ నల్లగా నిగనిగలాడుతోంది. రేంజ్‌కి తీసుకెళ్ళాక మొదలైంది అసలు సంగతి. హ్యామర్ (సుత్తి) దెబ్బకి క్యాప్ (నిప్పు పుట్టించే చిన్న టోపీ) టప్ మంటుంది, లోపల మందు అంటుకోదు. ఇంకో క్యాప్ పెడితే ఒక్కోసారి పేలుతుంది, ఒక్కోసారి అదీ లేదు. పేలినా గుండు ఎటు పోతుందో దానికే తెలియాలి, 50 గజాల్లో అన్నం కంచమంత గ్రూప్ (గుళ్ళు చెదిరిన వెడల్పు). నేల మీద పడ్డ ప్యాచ్‌లు (గుండు చుట్టూ పెట్టే బట్ట ముక్కలు) ఏరి చూస్తే చీలికలు పేలికలు. నిపుల్ (క్యాప్ కూర్చునే కన్నమున్న మొన) విప్పుదామంటే రెంచ్ జారుతోంది గానీ అది కదలట్లేదు. లాక్ ప్లేట్‌కీ కర్రకీ మధ్య గోరు దూరేంత సందు. నాకు వచ్చిన పీసే ఇలాంటిదా, ఈ రేటులో అన్నీ ఇంతేనా? చవకైతే మాత్రం పేలని తుపాకీ అమ్మేస్తారా?

పాతకాలంవాడు
ఈ రేటులో అన్నీ ఇంతే. బ్యారెల్ మెషిన్ మీద తయారవుతుంది, మెషిన్‌కి జీతం లేదు. చేత్తో చెయ్యాల్సిన పని ఎక్కడుందో అక్కడే డబ్బు మిగుల్చుకుంటారు. కర్ర కూర్చడం, లాక్ నోచ్‌లు (గాళ్ళు) ఆకురాయితో రాయడం, బోరు (గొట్టం లోపలి రంధ్రం) నునుపు చెయ్యడం, ఇవి మూడూ నీ చేతికి వదిలేశారన్నమాట.

మసిచేతులు
ఒక్కొక్కటే చూద్దాం, అన్నీ కలిపి తిట్టేస్తే ఏదీ తేలదు. ముందు పేలకపోవడం. ఏం మందు వాడావ్? ఫ్యాక్టరీ గ్రీజు ఎలా కడిగావ్?

కొత్తకాపు
@మసిచేతులు పైరోడెక్స్ (నల్లమందు బదులు వాడే మందు). బోరు సాల్వెంట్‌తో తుడిచా, ప్యాచ్ తెల్లగా వచ్చేదాకా తుడిచా.

మసిచేతులు
బోరు తెల్లగా వచ్చింది సరే, బోరు వెనకాల ఇంకో చిన్న గది ఉంటుంది, అక్కడికి నీ ప్యాచ్ పోలేదు. ఇలాంటి చాలా రైఫిళ్ళలో పేటెంట్ బ్రీచ్ ఉంటుంది, అంటే బోరు అడుగున దానికన్నా సన్నటి గుంట, దాని పక్క నుంచి నిపుల్‌కి ఇంకా సన్నటి దారి. .50 జాగ్ (ప్యాచ్ పట్టే రాడ్ కొన) ఆ గుంట అంచు మీదే ఆగిపోతుంది. ఫ్యాక్టరీవాళ్ళు తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు అందులో గట్టిపడి కూర్చుంటుంది, మరలు కోసినప్పటి ఇనుప రజను కూడా ఒక్కోసారి దాంట్లోనే ఉంటుంది. .32 బ్రష్‌కి చిన్న ప్యాచ్ చుట్టి లోపలికి దింపి తిప్పు, ఏం వస్తుందో చూడు. తర్వాత వేడి సబ్బునీళ్ళు, ఆరబెట్టడం. మందు వెయ్యకముందు ఉత్త క్యాప్‌లు రెండు మూడు కాల్చు, మూతి ఒక గడ్డిపరకకి దగ్గరగా పెట్టి. గడ్డి గట్టిగా ఊగితే దారి తెరిచి ఉన్నట్టు, కదలకపోతే మూసుకున్నట్టు. ఇక పైరోడెక్స్ సంగతి, అది నల్లమందు కన్నా అంటుకోవడానికి ఎక్కువ వేడి అడుగుతుంది. 11 నంబర్ క్యాప్, వంకర దారి, పైరోడెక్స్, ఈ మూడూ కలిస్తే కొంచెం గ్రీజున్నా చాలు పేలదు.

ఇన్‌లైన్_ఫ్యాన్
అందుకే నేను చెప్పేది, ఇన్‌లైన్ (నిప్పు బోరు వెనక నుంచే వచ్చే రకం) కొనండి, క్యాప్ బదులు 209 ప్రైమర్ పెట్టండి, నిప్పు తిన్నగా మందులోకి పోతుంది, గొడవ వదిలిపోతుంది.

చెకుముకి
ఇన్‌లైన్‌లో గొడవల్లేవా? బ్రీచ్ ప్లగ్ (బోరు వెనక మూసే మర) బిగుసుకుపోయిందని ఏడ్చే పోస్టులు ఈ వేదికలో ఎన్నున్నాయో ఓసారి వెతుకు అన్నా 😄

ఇన్‌లైన్_ఫ్యాన్
యాంటీ సీజ్ (మరలు పట్టెయ్యకుండా పూసేది) పుయ్యనివాళ్ళవి అవి.

లేత్‌మాస్టర్
@ఇన్‌లైన్_ఫ్యాన్ అన్నీ కావు. మా షాపుకి వచ్చే వాటిలో పూసినా బిగుసుకున్నవి ఉంటాయి, విప్పి చూస్తే మర అంచులు చిరిగి గరుగ్గా ఉంటాయి, అరిగిపోయిన టాప్‌తో (మరలు కోసే పనిముట్టు) కోశారని చూడగానే తెలుస్తుంది. చవక ఇన్‌లైన్‌లో ఇంకోటి ప్రైమర్ గుంట లోతు. లోతు ఎక్కువైతే ప్రైమర్ వెనక్కి ముందుకి ఆడుతుంది, దెబ్బ సరిగ్గా పడదు, పొగ వెనక్కి కొట్టి బోల్ట్ అంతా మసి. తక్కువైతే యాక్షన్ మూయడానికే బలం పెట్టాలి, అలా బలంతో మూయడం మంచిది కాదు. 209 అసలు షాట్‌గన్ గుళ్ళ కోసం పుట్టిన ప్రైమర్, ఒక్కో కంపెనీది కొలతలో కాస్త తేడా ఉంటుంది, కాబట్టి ముందు వేరే కంపెనీ ప్రైమర్ పెట్టి చూసి అప్పుడు గుంటని అనుమానించాలి.

లేత్‌మాస్టర్
కొత్తకాపు నిపుల్ గురించి. రెంచ్ జారుతుంటే ఆపెయ్, పక్క పలకలు గుండ్రమైపోతే తర్వాత డ్రిల్ చెయ్యడం తప్ప దారుండదు. చొరబడే నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్, తర్వాత సరిగ్గా పట్టే రెంచ్‌తో తిప్పు. విప్పాక మరలు భూతద్దంతో చూడు. పావు అంగుళం లావు, అంగుళానికి 28 మరల నిపుల్ ఉంటుంది, ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ నిపుల్ ఉంటుంది, కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా 0.35 మిల్లీమీటర్. ఐరోపా తుపాకుల్లో మెట్రిక్ మామూలు. ఒకదాంట్లో ఇంకోటి బలంతో తిప్పితే రెండు చుట్లు పోయి బిగుస్తుంది, పైకి గట్టిగా ఉన్నట్టే ఉంటుంది గానీ పట్టుకున్నది సగం మరలే. అలాంటి నిపుల్ ఎదురుగా కాల్చేవాడి మొహం ఉంటుంది, అది గుర్తుపెట్టుకో. కొత్త పీస్‌లోనే మర తప్పించి బిగించి ఉంటే దాన్ని బాగుచెయ్యకు, వాపస్ పంపు.

సందేహాలరావు
కొత్త నిపుల్ వేస్తే పేలడం బాగుపడుతుంది అంటారు కదా, నిజమేనా? కన్నం పెద్దదుంటే నిప్పు ఎక్కువ పోతుంది అనుకుంటున్నా.

మసిచేతులు
@సందేహాలరావు నిపుల్ మారిస్తే బాగుపడొచ్చు, కానీ పెద్ద కన్నం వల్ల కాదు. పెద్ద కన్నంలోంచి నిప్పు ముందుకి పోయేదాని కన్నా పేలాక ఒత్తిడి వెనక్కి వచ్చేదే ఎక్కువ. కన్నం సుమారు 0.7 మిల్లీమీటర్ ఉండాలి. అది అరిగి పెద్దదైతే పేలగానే హ్యామర్ వెనక్కి ఎగిరి హాఫ్ కాక్‌లో (సగం ఎత్తిన స్థితిలో) కూర్చుంటుంది, క్యాప్ ముక్కలు మొహాన కొడతాయి. చవక నిపుల్స్‌లో అసలు తేడా కొనలో ఉంటుంది, కొన లావుగా ఉంటే క్యాప్ పూర్తిగా కూర్చోదు, మొదటి దెబ్బ క్యాప్‌ని కిందికి తోస్తుంది, రెండో దెబ్బకి పేలుతుంది. జనం దాన్ని తేమ మందు అనుకుంటారు.

ఆకురాయి
పైన మసిచేతులు చెప్పినదానికి తోడు, హ్యామర్ క్యాప్ మీద నడిమధ్యన పడుతోందా చూడాలి. ఖాళీ తుపాకీలో నిపుల్ కొనకి మార్కర్ పూసి, హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని మెల్లగా దింపు. గుర్తు ఒక పక్కనే పడితే హ్యామర్ వంకర. చవక వాటిలో పోతపోసిన హ్యామర్‌ని టంబ్లర్ (లాక్ లోపల హ్యామర్‌తో పాటు తిరిగే ముక్క) మీద అలాగే కొట్టి దించేస్తారు, ఒక పక్కకి వాలి ఉంటుంది. పక్కదెబ్బ పడ్డ క్యాప్ ఒకవైపే చితుకుతుంది, నిప్పు బయటికి పోతుంది.

గురి100
గ్రూప్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. ప్యాచ్‌లు ఫోటో పెట్టు భయ్యా.

కొత్తకాపు
ఫోటో అప్‌లోడ్ అవ్వట్లేదు, రాస్తున్నా. పత్తిబట్ట ప్యాచ్, 0.015 మందం, .490 గుండు. ప్యాచ్ మధ్యలో గుండు కూర్చున్న గుండ్రటి మచ్చ ఉంది, దాని చుట్టూ వరుసగా గీతల్లాంటి కోతలు, సమాన దూరంలో. మధ్యలో మాడలేదు. కోతల అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి, దారాలు వేలాడట్లేదు.

గురి100
ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేవు, ల్యాండ్స్ (బోరులో గాళ్ళ మధ్య గట్లు) అంచులు కోసేస్తున్నాయి. ప్యాచ్ మధ్యలో మాడి కన్నం పడితే నూనె చాలలేదనో బట్ట పల్చగా ఉందనో అనుకోవాలి, ఒక పక్కే చిరిగితే మూతి అంచు, అంటే క్రౌన్ మీద గరుకుంది అనుకోవాలి. సమాన దూరంలో కోతలంటే ఒక్కో ల్యాండ్‌కి ఒక్కో కోత. కొత్త బ్యారెల్‌లో రైఫ్లింగ్ (గుండుని తిప్పే మెలిక గాళ్ళు) కోశాక అంచుల మీద మిగిలే పొర అది, ఖరీదైన బ్యారెల్ అయితే సీసం ల్యాప్‌తో (బోరు నునుపు చేసే సీసపు దిమ్మ) రాసి తీసేస్తారు, చవకదాన్ని అలాగే పెట్టెలో పెట్టేస్తారు. ఇంకో పరీక్ష చెయ్. ఖాళీ బ్యారెల్‌లోకి ప్యాచ్ పెట్టిన గుండు ఒక జానెడు తోసి, బయటికి లాగి చూడు (మందు లేదని రెండుసార్లు చూసుకున్నాకే). కాల్చకుండానే కోసుకుపోతే మందుకీ నిప్పుకీ సంబంధం లేదు, ఇనుమే.

పాతకాలంవాడు
ఇంతా చేసి అది చిన్న సంగతి. వంద గుళ్ళు కాలిస్తే అదే నునుపెక్కుతుంది. పూర్వం ల్యాపింగ్ కంపౌండ్ పట్టుకుని ఎవరు తిరిగారు?

గురి100
@పాతకాలంవాడు వంద గుళ్ళు కాల్చేదాకా ప్రతి గుండూ చిరిగిన ప్యాచ్‌తోనే పోవాలా మరి? సన్నటి ఉక్కు ఉన్ని బ్రష్‌కి చుట్టి బోరంతా సమంగా యాభై సార్లు ఆడిస్తే అంచు పొర పోతుంది, గ్రూవ్ (గాడి) కొలత మారదు. వాల్వ్ రాసే ముతక పేస్ట్ మాత్రం వద్దు, మూతి దగ్గర బోరుని గరాటులా చేసేస్తుంది. కొలత మారిన బ్యారెల్‌ని ఎవరూ వెనక్కి తీసుకోరు కూడా.

అడవిపిల్లి
ట్విస్ట్ (రైఫ్లింగ్ మెలిక) ఎంత? దాన్ని బట్టి కూడా ఉంటుంది కదా.

కొత్తకాపు
బ్యారెల్ మీద 1:48 అని ఉంది, అంటే 48 అంగుళాలకి ఒక చుట్టు.

అడవిపిల్లి
ఓ అదా, రాజీ బేరం. గుండ్రటి గుండుకి 1:66 లాంటి నెమ్మది ట్విస్ట్ బాగుంటుంది, పొడుగు బుల్లెట్‌కి, సబోట్‌కి (ప్లాస్టిక్ తొడుగులో పెట్టే బుల్లెట్) 1:28 లాంటిది. 1:48 రెండింటికీ పర్వాలేదు అనేలా ఉంటుంది, ఒక్క బ్యారెల్‌తో అందరికీ అమ్మొచ్చని పెడతారు. అది లోపం కాదు, ఎంపిక. గుండ్రటి గుండుకి మందు తగ్గించి చూడు, బాగుపడుతుంది.

లేత్‌మాస్టర్
కొలవాల్సింది ఇంకోటుంది, దీన్ని ఎవరూ చూడరు. బోరు బ్యారెల్ నడిమధ్యన ఉందా లేదా అని. 15/16 అంగుళాల ఎనిమిది పలకల బ్యారెల్ అనుకో, అంటే 23.8 మిల్లీమీటర్లు. బోరు 12.7. చుట్టూ 5.5 చొప్పున గోడ ఉండాలి. మూతి దగ్గర కాలిపర్ పెట్టి ఎనిమిది పలకల మీదా గోడ కొలువు. అటు 5.2, ఇటు 5.9 వస్తే డ్రిల్ పక్కకి నడిచిందన్నమాట, లోతు రంధ్రంలో డ్రిల్ నడవడం మామూలే, తర్వాత బయటి పలకలు బోరుని ఆధారం చేసుకుని రాస్తే సరిపోతుంది, ఆ పని మానేస్తే ఇలా ఉంటుంది. కొద్ది తేడా ప్రమాదం కాదు గానీ గుండు ఎప్పుడూ ఒకవైపుకే పోతుంది, వెనక సైట్ (గురి చూసేది) దాని గాడిలో, అంటే డవ్‌టెయిల్‌లో, చివరిదాకా తోసినా కుదరదు. అందుకే చవక రైఫిళ్ళలో సైట్ ఒక పక్కకి జరిగి కనిపిస్తుంది. షాపులో చూసేటప్పుడు సైట్ ఎక్కడుందో చూడండి, అరనిమిషం పని.

సందేహాలరావు
నాదో ప్రశ్న. నా పాత దాంట్లో రాడ్ దించేటప్పుడు ఒకచోట ప్యాచ్ వదులై మళ్ళీ బిగుస్తుంది. కంపెనీవాళ్ళు వారంటీ లేదు, నువ్వే పాడుచేశావ్ అన్నారు. అది ఫ్యాక్టరీ తప్పు కాదా?

మసిచేతులు
@సందేహాలరావు నీకు నచ్చకపోవచ్చు గానీ ఇందులో వాళ్ళ మాటే నిజం అయ్యుండొచ్చు. ఒకే చోట వదులైతే అది ఉబ్బు. గుండు మందు మీద పూర్తిగా కూర్చోకుండా మధ్యలో ఆగి పేలితే ఆ చోటే బ్యారెల్ ఉంగరంలా ఉబ్బుతుంది. ఒక మంచి స్కేల్ ఆ చోట బ్యారెల్ పలక మీద ఆనించి వెలుగుకి ఎదురుగా పట్టు, అటూ ఇటూ వెలుగు దూరి ఆ చోట దూరకపోతే ఉబ్బు. ఫ్యాక్టరీ పనిలో వచ్చే లోపం వేరేలా ఉంటుంది, టూల్ వణికితే ఒకటి కాదు, వరసగా చిన్న చిన్న గరుకులు బోరు పొడుగునా తగులుతాయి. ఉబ్బిన బ్యారెల్‌ని ఇక కాల్చకు. రాడ్ మీద గీత ఉందా?

సందేహాలరావు
ఏ గీత?

ఆకురాయి
అయ్యో రావుగారూ. ఖాళీ బ్యారెల్‌లో రాడ్ అడుగుదాకా దించి మూతి దగ్గర ఒక గీత, మందు గుండు వేసి పూర్తిగా దించాక ఇంకో గీత. ప్రతిసారీ రెండో గీత మూతికి రావాలి, రాలేదంటే గుండు కూర్చోలేదు. మొదటి గీత వస్తే లోపల ఏం లేనట్టు.

చెకుముకి
ఇంతసేపూ క్యాప్ గొడవే, మా ఫ్లింట్ వాళ్ళ బాధ ఎవరికీ పట్టట్లేదు. చవక ఫ్లింట్‌లాక్‌లో (చెకుముకి రాయి నిప్పుతో పేలేది) ఒక్కటే జబ్బు, ఫ్రిజెన్ (రాయి కొట్టే ఉక్కు పలక) మెత్తగా ఉంటుంది. రాయి తగిలినప్పుడు ఉక్కు సన్నగా చివ్వున లేచి ఆ తునకలు గాలిలో మండితేనే నిప్పురవ్వలు. ఫ్రిజెన్ గట్టిగా లేకపోతే రాయి దాన్ని గీరుతుంది, గాడి పడుతుంది, తునకలు ఎర్రగా పడి ఆరిపోతాయి. ఆకురాయితో అంచున మెల్లగా రాయండి, జారిపోతే గట్టిది, కొరికితే మెత్తది. చాలా చవక వాటిలో పైపొర మాత్రమే గట్టిపరుస్తారు, కొత్తలో భలే రవ్వలు, పొర అరిగాక ఏమీ రాదు. అప్పుడు రాయి మార్చి మార్చి విసిగిపోతారు, తప్పు రాయిది కాదు. టచ్ హోల్ (బోరులోకి నిప్పు పోయే కన్నం) కూడా చూసుకోవాలి, ప్యాన్ (బయట కాస్త మందు వేసే గుంట) అడుగున ఉంటే మందు ఆ కన్నంలోకి నిండి వత్తిలా కాలుతుంది, ఆలస్యంగా పేలుతుంది. ప్యాన్ పై అంచుకి సమంగా ఉంటే మంట తిన్నగా లోపలికి పోతుంది.

అడవిపిల్లి
పైరోడెక్స్ ఫ్లింట్‌లో వేసేవాళ్ళు కూడా ఉన్నారు, పేలట్లేదని కంపెనీని తిడతారు.

చెకుముకి
ప్యాన్‌లో నల్లమందు తప్ప ఇంకోటి వద్దు. దీని మీద నాతో వాదించకండి.

కొత్తకాపు
ఇంకొకటి చెప్పడం మర్చిపోయా, ఇవాళ ఇంట్లో ఖాళీగా లాక్ ఆడిస్తుంటే కనిపించింది. హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ గట్టిగా లాగితే ఒక్కోసారి హ్యామర్ పడిపోతోంది. ఒక్కోసారి పూర్తి కాక్ నుంచి పడేటప్పుడు మధ్యలో హాఫ్ కాక్ దగ్గర ఆగిపోతోంది. డబుల్ సెట్ ట్రిగ్గర్ (ఒకటి లాగి సిద్ధం చేస్తే రెండోది తేలిగ్గా పేల్చేది) ఇది. ఇది కూడా రాయాల్సిందేనా?

ఆకురాయి
ఆగు. ఇది రాసే పని కాదు.

లేత్‌మాస్టర్
అవును, ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. హాఫ్ కాక్ అంటే నువ్వు నిపుల్ మీద క్యాప్ పెట్టేటప్పుడు, కంచె దాటేటప్పుడు నిన్ను కాపాడే ఒక్క నోచ్. అది ట్రిగ్గర్‌కి లొంగిపోతే ఆ తుపాకీలో మందు వెయ్యకూడదు, అంతే. రెండోది, సెట్ ట్రిగ్గర్ ఉన్న లాక్‌లో టంబ్లర్ మీద ఫ్లై అని గోరంత ముక్క ఉంటుంది, సియర్ (నోచ్‌లో పట్టుకుని హ్యామర్‌ని ఆపే ముక్క) కొన హాఫ్ కాక్ నోచ్‌లో చిక్కకుండా దాన్ని దాటించేస్తుంది. సెట్ ట్రిగ్గర్ సియర్‌ని ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది కాబట్టి ఫ్లై లేకపోతే సియర్ మళ్ళీ దిగి హాఫ్ కాక్‌లో తగులుకుంటుంది. నీ దాంట్లో ఫ్లై పెట్టడం మర్చిపోయారో, ఇరుక్కుపోయిందో. అలా తగిలిన ప్రతిసారీ సియర్ కొన, నోచ్ పెదవి కొంచెం కొంచెం చిట్లుతాయి. హాఫ్ కాక్ జారుతోంది అంటున్నావ్ కదా, అది దీని వల్లే అయ్యుండాలి. రెండు జబ్బులు కావు, ఒకటే.

కొత్తకాపు
అంటే క్యాప్ సరిగా పేలకపోవడానికి కూడా ఇదేనా?

లేత్‌మాస్టర్
క్యాప్ టప్ మన్నప్పుడు కాదు, అది దారి మూసుకోవడం. హ్యామర్ సగంలో ఆగిపోయి క్యాప్‌కి దెబ్బే తగలని సందర్భాలకి ఇదే. లాక్ విప్పి నోచ్ నువ్వే రాద్దామనుకోకు, నోచ్ కోణం ఒక్క డిగ్రీ మారినా ఇంకా ప్రమాదం. వాపస్.

పాతకాలంవాడు
ఇక్కడ లేత్‌మాస్టర్ మాటే నా మాట. బోరు నేను రాస్తా, కర్ర నేను రాస్తా, లాక్ నోచ్ ముట్టుకోను.

ఇన్‌లైన్_ఫ్యాన్
ప్రూఫ్ ముద్ర ఉందా దాని మీద? ఉంటే ఇలాంటిది ఎలా పాసైంది మరి?

మసిచేతులు
ప్రూఫ్ అంటే జనం అన్నీ చూసి ముద్ర వేస్తారనుకుంటారు. మామూలు కన్నా ఎక్కువ మందుతో కాల్చి బ్యారెల్, బ్రీచ్ ఒత్తిడి తట్టుకుంటాయా, ఉబ్బలేదా, పగల్లేదా అని చూస్తారు. గురి, ట్రిగ్గర్ మెత్తదనం, ఫ్రిజెన్ గట్టిదనం వాళ్ళ లెక్కలో లేవు. ఇటలీలో గార్డోనే వాల్ ట్రాంపియా, స్పెయిన్‌లో ఎయిబార్ ప్రూఫ్ హౌస్‌లు, చవక రెప్లికాలు ఎక్కువగా వచ్చేది ఆ చుట్టుపక్కల నుంచే. ఇటలీ ముద్రల్లో పీఎన్ అని ఉంటే నల్లమందుకి పరీక్షించినట్టు, పక్కన చిన్న పెట్టెలో అక్షరాలు ఏ ఏడాది పరీక్షించారో చెప్తాయి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ వచ్చింది, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో, అంత పాత పద్ధతి. అమెరికాలో ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రూఫ్ చట్టం లేదు, కంపెనీ తనే చూసుకోవాలి. ముద్ర ఉన్నదే నేను కొంటా, కానీ ముద్ర ఉంది కదా అని లాక్ చూడకుండా వదలను.

అడవిపిల్లి
ఉక్కు గురించి కూడా అడుగుదామనుకున్నా. 12ఎల్14 బ్యారెళ్ళు వద్దు అంటారు కొందరు.

లేత్‌మాస్టర్
ఆ వాదన మొదలెడితే ఈ దారం తెగదు. 12ఎల్14లో సీసం కలుపుతారు, లేత్ మీద వెన్నలా కోస్తుంది, అందుకే మజిల్‌లోడర్ బ్యారెళ్ళకి బాగా వాడారు. పెళుసు అని ఒక వర్గం, నల్లమందు ఒత్తిడికి చాలు అని ఇంకో వర్గం. నాకు 4140 (గట్టి మిశ్రమ ఉక్కు) లాంటిదైతే మనసు నిమ్మళంగా ఉంటుంది. కానీ పొగలేని మందు (ఇప్పటి తుపాకుల మందు) వేస్తే ఏ ఉక్కూ నిన్ను కాపాడదు, అది మాత్రం వాదన కాదు. నల్లమందుకి చేసిన దాంట్లో పొగలేని మందు చిటికెడు కూడా కలపకండి.

మోడరేటర్
చివరి వాక్యం అందరూ చదవండి. కలిపి కాల్చే చిట్కాలు పెట్టిన పోస్టులు తీసేస్తాం.

గురి100
ఇంకో సేఫ్టీ మాట కూడా చెప్పాలి, కొత్తవాళ్ళు చదువుతారు. క్యాప్ టప్ మని మందు అంటుకోకపోతే వెంటనే కిందికి దించి చూడొద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. గ్రీజు ఉన్న బ్రీచ్‌లో ఇది ఇంకా ఎక్కువ.

సందేహాలరావు
స్కేల్ పెట్టి చూశా. వెలుగు రెండు పక్కలా దూరింది, మధ్యలో దూరట్లేదు.

మసిచేతులు
పక్కన పెట్టెయ్ రావుగారూ. బ్యారెల్ మార్చుకోవచ్చు, అదే పలకల కొలతతో విడిగా దొరుకుతాయి, పాత కర్ర పనికొస్తుంది.

కొత్తకాపు
అప్‌డేట్. .32 బ్రష్‌కి ప్యాచ్ చుట్టి దింపితే గోధుమరంగు జిగురు వచ్చింది, దాంట్లో మెరిసే రజను, వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడుతోంది. మసిచేతులు చెప్పింది చెప్పినట్టే. ప్యాచ్ గుండు ఖాళీ బ్యారెల్‌లో తోసి లాగితే కాల్చకుండానే కోతలు పడ్డాయి. నిపుల్ నూనెకి వదిలింది, మరలు బానే ఉన్నాయి, మెట్రిక్. హాఫ్ కాక్ విషయం రాసి, వీడియో తీసి అమ్మినవాళ్ళకి పంపా. మొదట శుభ్రం చేసుకోండి అని జవాబు. ఎలా ఒప్పించాలి?

ఆకురాయి
పేలట్లేదు అని రాస్తే శుభ్రం చేసుకో అంటారు, గురి లేదు అంటే మందు మార్చు అంటారు. అవన్నీ తీసెయ్. ఉత్తరంలో ఒక్కటే రాయి: ఖాళీ తుపాకీ, హాఫ్ కాక్, ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడుతోంది, ఇది భద్రతా లోపం. దాని మీద వాళ్ళు శుభ్రం మాట ఎత్తలేరు. సీరియల్ నంబర్, ప్రూఫ్ ముద్రల ఫోటో జతచెయ్. బోరుకి ఏమీ చెయ్యకు ఇప్పుడే, ఉక్కు ఉన్ని కూడా వద్దు, నువ్వు ముట్టుకున్నావని చెప్పే అవకాశం ఇవ్వకు.

పాతకాలంవాడు
లాక్ ఒక్కటే పంపమంటే పంపకు, మొత్తం తుపాకీ పంపు. కొత్త లాక్ ఈ కర్రలో కూర్చోదు, సందు ఇప్పటికే గోరంత ఉందన్నావ్.

కొత్తకాపు
రాశా అలాగే. మొత్తం మార్చిస్తాం అన్నారు. కొత్తది రాగానే దాని హాఫ్ కాక్, నిపుల్ మర, సైట్ ఎక్కడుందో మూడూ చూశాకే ఉంచుకుంటా, బాగోలేకపోతే అక్కడికక్కడే తిప్పి పంపుతా. బోరు కోస్తే మాత్రం నేనే చూసుకుంటా. ఉక్కు ఉన్ని ఎంత సన్నది వాడాలి @గురి100?

గురి100
దొరికినంత సన్నది. ముతకది గీతలు పెడుతుంది. ప్రతి పది ఆడింపులకీ ఉన్ని తీసి ప్యాచ్ గుండు తోసి చూడు, కోతలు ఆగిన చోటే ఆపెయ్.